కదిరికి తెచ్చిన చేప

చేపను ఎవరికైనా ఇచ్చేయమని చెప్పని మనిషి లేడు. మా ఆయన పోయాక హైదరాబాదులో అద్దె ఇల్లు ఖాళీ చేసి కదిరికి వచ్చేస్తున్నానంటే, బీరువా ఎలా తెస్తావని ఎవరూ అడగలేదు, మంచం సంగతీ అడగలేదు. అందరి కళ్లూ ఆ నాలుగడుగుల అక్వేరియం మీదే. అంత గాజుతొట్టి అంత దూరం వస్తుందా, దారిలోనే పగిలిపోతుంది అంది కిందింటావిడ. ఉన్నది ఒక్క చేపే కదా, షాపులో ఇచ్చేసెయ్ అన్నాడు మా తమ్ముడు. నీ సొమ్మేం పోయిందిరా అన్నాను. నా నోరు అలాంటిది. ఆయన ఉన్నప్పుడూ అంతే.

అది ఆస్కార్ చేప. నల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు. నా వేలంత ఉన్నప్పుడు తెచ్చాడాయన, పెరిగి పెరిగి జానెడు దాటింది. ఆయన ధర్మవరం చీరలు తెచ్చి హైదరాబాదు షాపులకు వేసేవాడు. ఎంత పొద్దుపోయి వచ్చినా చెప్పులు విడిచి నేరుగా తొట్టి దగ్గరికే పోయేవాడు. "ఏమప్పా, తింటివా? మీయమ్మ పెట్టిందా?" అని పలకరించేవాడు. మాకు పిల్లలు లేరు. అది కూడా తక్కువది కాదు, ఆయన వేలు అద్దం మీద ఎటు పోతే అటు వచ్చేది. నేను వేలు పెడితే మాత్రం తోక చూపించి వెనక్కి తిరిగేది. నాకు ఒళ్లు మండేది.

ఆయన పోయాక చాలా రోజులు అది తిండి ముట్టలేదు. చచ్చిపోతుందనుకున్నాను. ఒక పొద్దున ఎందుకో ఆయన అన్నట్టే "ఏమప్పా, తింటివా?" అన్నాను. మూల నుంచి మెల్లగా వచ్చి నా చేతిలో మేత గింజ తీసుకుంది. ఆ పూట తొట్టి పక్కన కింద కూలబడి ఎంత ఏడ్చానో నాకే తెలీదు. ఆ ఇంట్లో ఆయన్ను ఎరిగిన ప్రాణం నేను కాక అదొక్కటే. దాన్ని వదిలేసి రమ్మంటే ఎలా వస్తాను?

తీసుకొని రమ్మని చెప్పింది ఒక్క మా వదినే. వదిన అంటే ఆయనకు అక్క. తల్లి లేని తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది. కదిరిలో వాళ్ల ఇంటి మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, వచ్చి ఉండమన్నదీ ఆమే. "వాడు పెంచింది ఇంగొకరికి ఎట్ల ఇస్తావే? పట్టుకోని రా. ఈడ నేను ల్యానా?" అంది ఫోనులో.

చేపల షాపతను అంతా విడమరిచి చెప్పాడు. రెండు రోజుల ముందు నుంచీ తిండి ఆపాలి. తొట్టిని నీళ్లతో ఎత్తితే అతుకులు విడిపోతాయి, పూర్తిగా ఖాళీ చేయాలి. కింద థర్మాకోల్ వేసి, చుట్టూ బొంతలు చుట్టి, నిలువునా నిలబెట్టి కట్టాలి. చేపకు వేరే డ్రమ్ము, అందులో సగమే నీళ్లు, మిగతా సగం గాలి, బ్యాటరీతో నడిచే చిన్న పంపు. ఇవన్నీ ఒక ఎత్తు, పాత నీళ్లు ఒక ఎత్తు అన్నాడు. చేప ఆ నీళ్లకు అలవాటు పడిందనీ, ఫిల్టరు స్పంజిని కూడా ఆ నీళ్లలోనే తడిగా ఉంచాలనీ, ఊరు చేరాక ముందు పాత నీళ్లు పోసి, కొత్తవి రోజుకు కొంచెం చొప్పున కలపాలనీ నాతో మళ్లీ చెప్పించుకున్నాడు.

కదిరి పక్కన తనకల్లు నుంచి టమేటాలు వేసుకొచ్చి ఖాళీగా తిరిగిపోయే బొలెరో దొరికింది. డ్రైవరు నేను పాత నీళ్లు నింపిపెట్టిన డ్రమ్ముల మూతలు తీసి చూసి నోరు తెరిచాడు.

"ఏందక్కా ఇవి? నీళ్లా?"

"నీళ్లే."

"హైదరాబాదు నించి కదిరికి నీళ్లు మోస్తాండావా? మా ఎమ్మెల్యేలు అందరూ చెప్పినారు గానీ, తెచ్చింది మాత్రం నువ్వే!"

ఆయన పోయాక నేను నవ్వింది అదే మొదటిసారి. తెల్లవారకముందే బయలుదేరాం. నేను ముందు సీట్లో కూర్చోలేదు, వెనక బొంతల మధ్య డ్రమ్ముకు ఆనుకుని కూర్చున్నాను. కర్నూలు దాటాక ఎండ ముదిరింది. తడిగుడ్డ డ్రమ్ముకు చుట్టి, ఆరితే మళ్లీ తడిపాను. గుత్తి దగ్గర మూత తీస్తే మూతి పైకెత్తి నావైపు చూసింది. అనంతపురం దాటి ముదిగుబ్బ మలుపుల్లో డ్రైవరు గుంత కనిపిస్తే చాలు "పట్టుకోక్కా!" అని అరిచేవాడు. ఇటుపక్కా అటుపక్కా ఎర్రటి ఖాళీ చేన్లు, వాన కోసం దున్ని వదిలేసినవి.

మధ్యాహ్నం కదిరి చేరాం. తొట్టి మీద గీత పడలేదు. చేప ఈదుతోంది. వదిన నన్ను పట్టుకుని ఏడ్చి, డ్రమ్ములోకి తొంగిచూసి ఇంకోసారి ఏడ్చింది. తొట్టిని మేడ మీదికి ఎక్కించలేక కింద వదిన వాళ్ల ముందు గదిలోనే స్టాండు మీద పెట్టించాను. నా నడుము విరిగిపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి. "వదినా, చేప డ్రమ్ములోనే ఉండనీ. కొంచెంసేపు నడుం వాల్చి వచ్చి నేనే నీళ్లు పోస్తా" అని మేడెక్కాను. పడుకున్నదే తెలుసు.

పొద్దు వాలుతుండగా లేచి కిందికి వచ్చాను. తొట్టి నిండా నీళ్లు. అద్దంలా ఉన్నాయి. లోపల చేప పక్కకు ఒరిగిపోయి ఉంది.

వదిన ముఖం వెలిగిపోతోంది. "చూడు, ఎంత తేటగా ఉండాయో! నిద్రలో ఉంటివని లేపబుద్ధి కాల్యా. ఆ పాచినీళ్లు నిమ్మచెట్టుకు పోసినా. స్పంజి వాసనొస్తాంటే సబ్బు పెట్టి ఉతికి ఎండకేసినా. ప్లాంటోనికి ఫోను చేసి కూలింగ్ క్యాన్లు తెప్పించినా. పాపం, అంత ఎండలో పడి వచ్చింది గదా!"

నేను తొట్టిలో చేయి పెట్టాను. జిల్లుమంది.

ఈ ఊళ్లో బోరు నీళ్లు ఉప్పు. తాగడానికి ప్లాంటు నీళ్లే కొనాలి. కూలింగ్ క్యాన్ అంటే పెళ్లికి తెప్పిస్తారు, ఇంటికి పెద్దవాళ్లు వస్తే తెప్పిస్తారు. వదిన తన కోసం ఏనాడూ తెప్పించుకుని ఎరగదు. ఒకసారి వాడిన నీళ్లను మోరీలో పోయడం కూడా ఎరగదు, ఆమె ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లకు, స్నానం నీళ్లకు తలా ఒక చెట్టు ఉంది.

పెరట్లోకి పరుగెత్తాను. నిమ్మచెట్టు పాదు ఇంకా తడిగా ఉంది, డ్రమ్ములన్నీ బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీద నీళ్లు కాచి తెచ్చి కొంచెం కొంచెంగా కలిపాను. చేప కడుపు కింద చేయి పెట్టి నిలబెట్టాను. చేయి తీస్తే ఒరిగిపోయేది. "ఏమప్పా, ఏమప్పా" అంటూనే ఉన్నాను. మూతి రెండుసార్లు తెరిచింది. తర్వాత తెరవలేదు.

"చంపేస్తివి గదా వదినా!" అని అరిచాను. "నేను పోస్తానని చెప్పిపోతి గదా! అంత దూరం నుంచి బతికించి తెస్తే, నీ చేతుల్లో పెడితే చంపేస్తివి గదా! ఆయనది అని నాకు మిగిలింది అదొక్కటే, అది కూడా లేకుండా చేస్తివి!" ఇంకా ఏమేమో అన్నాను. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. మామూలుగా అయితే మాటకు మాట అనే మనిషి వదిన. అలాగే గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

తొట్టి వైపు చూస్తూ అంది. "నా తమ్మునికి పొయ్యేటప్పుడు నోట్లో గుక్కెడు నీళ్లు పొయ్యలేకపోతినే. నేనొచ్చేతలికే ఐసు పెట్టెలో పెట్టినారు. వాని చేపకన్నా మంచినీళ్లు పోద్దామనుకుంటి."

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా వైపు చూడకుండా అడిగింది. "నువ్వు పోసినావా? ఇన్నాళ్లూ అడగాలంటే భయమాయ. నువ్వన్నా పోసినావా?"

ఆసుపత్రిలో నన్ను తలుపు బయటే కూర్చోబెట్టారు. లోపలికి పిలిచేటప్పటికి ఆయన ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. నా చేతిలో నీళ్ల సీసా ఉంది, మూత కూడా తీయలేదు.

నా కోపం పోలేదు. ఇప్పటికీ పోలేదు. కానీ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను, తడిచేతులతోనే.

"పోసినా వదినా" అన్నాను.

"తాగినాడా?"

"తాగినాడు."