ఫ్లాపీకి పెట్టిన బంగారం

ముందే చెబుతున్నాను, ఇది నా భక్తి వల్ల ఒక ఫ్యాక్టరీ చెరకంతా పొలాల్లోనే ఎండిపోబోయిన కథ. దొంగలు లేరు, నిప్పు లేదు, వరద లేదు. ఉన్నదల్లా నేనొక్కణ్ణే. అంత విపత్తుకు ఒక్కడు ఎట్లా సరిపోయాడని మీకు అనుమానం రావచ్చు. చదవండి, తీరిపోతుంది.

ఎనభైల చివర్లో జహీరాబాద్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చింది. దానికి పూజారిని నేను. హైదరాబాద్‌లో కోర్సు చేసి వచ్చిన వాణ్ణి, ఆ మాత్రం పొగరు ఉండొద్దూ! చెప్పులు గది బయటే విడవాలి. లోపల బీడీ వద్దు, చాయ్ వద్దు, గట్టిగా తుమ్మవద్దు. మా పెద్ద ఆఫీసరు వీరారెడ్డి సారు కూడా బూట్లు విప్పి, చిరిగిన సాక్సులోంచి బొటనవేలు కనబడకుండా ముడుచుకొని లోపలికి వచ్చేవారు.

నాతోపాటు పనిచేసే గుమాస్తా కరీం. ఏ ఊళ్లో ఏ రైతు చెరకు ఎప్పుడు నాటాడో అతను చదివేవాడు, నేను కంప్యూటర్లో కొట్టేవాణ్ణి. ముందు నాటినవాళ్ల చెరకు ముందు కోతకు పోవాలి. ఆ వరుస తేలకపోతే కోత లేదు, కోత లేకపోతే గానుగ లేదు. కోహీర్ నుంచి ఝరాసంగం దాకా అన్ని ఊళ్లవీ వానాకాలమంతా కూర్చుని ఎక్కించాం. కంప్యూటర్‌కు ఏమన్నా అయితే ఎట్లా అని రెండు కట్టల ఫ్లాపీల్లో నకళ్లు తీశాం. ఫ్లాపీ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. అరచేయంత నల్లటి పలుచని అట్ట, దానికో చిన్న కిటికీ, లోపల ఒక బిళ్ల. రాతంతా ఆ బిళ్ల మీదే. పైన కాగితపు సంచి. ఒక కట్ట ఆఫీసు బీరువాలో నా దగ్గర, ఇంకో కట్ట కరీం ఇంట్లో.

అంతలో దసరా వచ్చింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి, "బంగారం" అని చెప్పి అందరూ అలాయ్‌బలాయ్ అంటూ కౌగిలించుకుంటున్నారు. గల్లాపెట్టెలో జమ్మి ఆకు ఉంటే ఏడాదంతా సొమ్ము నిలుస్తుందని మా నాయన నమ్మకం. మరి నా సొమ్మేది? ఫ్లాపీలే కదా! ఒక్కో సంచిలో ఒక్కో రెమ్మ దోపాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? కరీంను కౌగిలించుకొని గుప్పెడు ఆకు చేతిలో పెట్టాను.

"కరీం భాయ్, నీ కట్టల గూడ పెట్టు. మర్శిపోకు."

"గిదెందుకు నర్సింలు భాయ్?"

"డేటాకు బర్కత్ ఉంటది."

"నువ్వు చెప్పినంక పెట్టకుంటనా? పెడ్త" అని ఆకును కళ్లకద్దుకొని జేబులో వేసుకున్నాడు.

దీపావళి కూడా పోయింది. సోమవారం గానుగ మొదలవుతుందనగా కరెంటు ఒక్కసారి పోయి, పోయినంత కోపంగా తిరిగి వచ్చింది. కంప్యూటర్ లోపలి డిస్కు కాస్తా చచ్చింది. హైదరాబాద్ నుంచి మూర్తి అనే ఇంజనీరు శనివారం దిగి కొత్త డిస్కు బిగించాడు. గోదావరి మనిషి, మర్యాద ఎక్కువ.

"బ్యాకప్ తీశారాండీ?"

"తీయకుండా ఉంటమా? ఒకటి కాదు, రెండు కట్టలు" అని కాలర్ సర్దుకున్నాను.

నా కట్టలోంచి మొదటి ఫ్లాపీ పెట్టాను. ముసలి పళ్లతో చెరకు గడ నములుతున్నట్టు లోపల కరకర శబ్దం. ఆ తర్వాత తెర మీద ఇంగ్లీషులో ప్రశ్న: చదవలేను, మళ్లీ ప్రయత్నించనా, వదిలెయ్యనా? ప్రయత్నించమన్నాను. మళ్లీ కరకర. రెండో ఫ్లాపీ, మూడో ఫ్లాపీ, అదే నమలడం.

"కరీం కట్ట తెప్పిస్త" అన్నాను.

"ఆగండాగండి. ఇవెందుకు పాడయ్యాయో తెలియకుండా అవి కూడా పెడితే వాటికీ ఇదే గతి" అన్నాడు మూర్తి.

అప్పుడే వీరారెడ్డి సారు బూట్లతోనే లోపలికి వచ్చారు. నేను నోరెత్తలేదు.

"ఏమైందయ్యా నర్సింలు? సోమవారం పొద్దుగాల జాబితా గోడకు అంటాలె. మల్ల మొదటికెల్లి కొట్టుకుంట కూసుంటే హోళీ వస్తది, చెరుకు కట్టె అయితది. జాబితా లేకుంటే నిన్నే గోడకు అంటిస్త. మైదపిండి నేనే ఉడకవెడ్త."

"వోల్టేజీ సార్."

"వోల్టేజీ బీరువాలోకి ఎలా వెళ్తుందండీ?" అన్నాడు మూర్తి.

"అయితే బల్లి దూరింది సార్."

"బీరువాకు తాళం లేదా?"

"ఉన్నది."

"తాళంచెవి ఎవరి దగ్గర?"

"నా దగ్గర్నే."

తెలివైనవాడు అక్కడ ఆగిపోతాడు. నేను చుట్టూ చూశాను, కరీం కనిపించాడు. "కరీం అత్తరు సార్! రోజూ ఇదే గదిల కూసుంటడు. ఆ వాసనకే కరాబైనయ్."

"నా అత్తరా? పెండ్లినాటి సంది పూసుకుంటున్న, ఒక్క మనిషి గూడ కరాబ్ కాలే" అన్నాడు కరీం. అన్నాడే గాని మొహం చిన్నబోయింది. నాకు సిగ్గేసింది. అయినా సోమవారం ముందు సిగ్గు నిలుస్తుందా?

మూర్తి ఏదో తోచినట్టు ఫ్లాపీ సంచిని బల్ల మీద బోర్లించి తట్టాడు. ఎండిన ఆకుల పొడి జలజలా రాలింది.

"ఇదేంటండీ? పోపు గానీ వేశారా?"

"జమ్మి" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

ఆకు ఎండి, పొడై, కిటికీలోంచి బిళ్ల మీదికి చేరిందట. బిళ్ల తిరిగినప్పుడల్లా గీతలు పడ్డాయట. కంప్యూటర్‌లో ఫ్లాపీని చదివే భాగానికి కూడా మురికి పట్టిందట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, హైదరాబాద్ బస్సు దిగినవాడు పట్టేశాడు.

"మా చెప్పులు బయట ఇడిపిస్తివి, అడివిని లోపల పెడ్తివి!" అన్నారు వీరారెడ్డి సారు. "ఆ రెండో కట్ట ఎట్లున్నది?"

"దాంట్ల గూడ ఆకు పెట్టుమని నేనే చెప్పిన సార్."

నా మాట పూర్తికాకముందే కరీం సైకిలెక్కి ఇంటికి పోయాడు. ఈలోగా మూర్తి స్పిరిట్‌లో దూది ముంచి కంప్యూటర్ నోరు కడిగాడు. నా మాటంటే అందరికీ లెక్క ఉండాలని జన్మంతా కోరుకున్నవాణ్ణి, ఆ ఒక్క పూట మాత్రం, ఎవరూ నా మాట విని ఉండకూడదని దేవుణ్ణి వేడుకున్నాను.

కరీం రుమాలులో చుట్టిన కట్టతో వచ్చాడు. మూర్తి సంచి బోర్లించి తట్టాడు. ఏమీ రాలలేదు. ఇంకోటి తట్టాడు. దుమ్ము కూడా లేదు. ఫ్లాపీ పెడితే ఈసారి కరకర లేదు, మెత్తగా తిరిగింది. ఒకదాని తర్వాత ఒకటి మొత్తం కట్ట ఎక్కింది. తెర మీద రైతుల పేర్లు వరసగా పైకి పోతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"కరీం భాయ్, ఆకు పెట్టలే?"

"పెడ్దామనే తీస్కపోయిన. నువ్వు బంగారమని ఇస్తివి గదా, అమ్మీకి చూపెట్టిన. 'బంగారం తెచ్చి ప్లాస్టిక్‌ల పెడ్తవారా పాగల్' అని గుంజుకొని, నగల డబ్బాల పెట్టి తాళమేసింది." జేబులోంచి చిన్న అత్తరు సీసా తీసి నా మణికట్టుకు ఒక చుక్క రాశాడు. "ఫికర్ చెయ్యకు, గిది డిస్కుకు ఏం గాదు."

సోమవారం పొద్దున జాబితా గోడకెక్కింది, మైదపిండి నా వీపు దాకా రాలేదు. వీరారెడ్డి సారు మాత్రం వదల్లేదు. గది బయట, చెప్పుల వరసలో నన్ను నిలబెట్టి ప్రమాణం చేయమన్నారు.

"నర్సింహులు అనే నేను, ఇకమీదట దసరాకు జమ్మిని కళ్లకద్దుకుంటానే తప్ప, ప్రాణమున్నంతవరకు ఏ యంత్రానికీ మేత వేయనని ఇందుమూలంగా..." అని మొదలుపెట్టి, ఒట్టు దేని మీద పెట్టాలని అడిగాను. జమ్మి మీద మాత్రం వద్దని అందరూ ఒక్కసారే అరిచారు. కరీం అత్తరు మీద పెట్టాను.