ఇంట్లో వాడని పేరు

నా పేరు ఇక్కడ రాయను. చెత్తకూ ఊడ్చి పారేసేదానికీ సంబంధించిన మాట అది. పాత తరంలో చాలామందికి ఉండేది, నా ఈడువాళ్ళలో నాకొక్కడికే మిగిలింది. రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ప్రతి ఏడూ కొత్త పిల్లలు బోర్డు మీద నా పేరు చూసి ముందు బెంచీల్లో నోళ్ళు మూసుకుంటారు, వెనక బెంచీల్లో మూసుకోరు. ఒకసారి పెళ్ళిచూపుల్లో పిల్ల ఫక్కున నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది గానీ సంబంధం మాత్రం కుదరలేదు. ఆ తర్వాత నేను చూడ్డం మానేశాను. నాన్న పోయినప్పటి నుంచి ఇంట్లో అమ్మా నేనూ ఉంటాం.

అలాంటివాణ్ణి, ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని లేని మనుషులకు పేర్లు పెట్టే పనిలో పడ్డాను.

ఈ ఆట మా ఇంటికి తెచ్చింది కడియంలో మొక్కల నర్సరీ ఉన్న స్నేహితుడు. బెంగళూరులో చదువుకునే రోజుల్లో అంటించుకున్నాడట. దీనికి టీవీ అక్కర్లేదు, ఫోనూ అక్కర్లేదు. ఆయన కథ చెబుతాడు. కోటలు, మంత్రగాళ్ళు, మాట్లాడే అడవులు. మేం తలా ఒక మనిషిగా ఆ కథలోకి దిగి, ఇప్పుడేం చేస్తామో చెప్పాలి. చెప్పింది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గండం గడిచినట్టు, చిన్నది పడితే మన ఖర్మ. ఆడేవాళ్ళం ముగ్గురం: నేను, బ్యాంకులో పనిచేసే ఒకావిడ, ఒక మెడికల్ రెప్. మా ముందు గదిలో చాప వేసుకుని కూర్చుంటాం. అమ్మ వంటింట్లోంచి ఏదో ఒకటి వేయించి పంపిస్తుంది.

కథలోకి దిగే ముందు ప్రతివాడూ తన మనిషికి పేరు పెట్టుకోవాలి. "పేరు లేనోడికి కత్తి ఇవ్వనండి," అంటాడు మా నర్సరీ ఆయన. వినడానికి తేలికే, కూర్చుంటే తెలుస్తుంది. ఇంగ్లీషు పేరు పెడితే నోట్లో నిలవదు. తెలుగులో గంభీరంగా పెడదామంటే పౌరాణిక నాటకంలో ద్వారపాలకుడు తయారవుతాడు. బ్యాంకు ఆవిడ తన మంత్రగత్తెకు పెట్టిన మొదటి పేరు అచ్చం కీళ్ళనొప్పుల తైలంలా ఉంది. రెప్ గారి వీరుడి పేరు పురుగుమందు డబ్బా మీద ఉండాల్సింది. నర్సరీ ఆయనకు మాత్రం ఈ బాధ లేదు. అడవి రాణి కావాలంటే అగ్లోనీమా, ఆవిడ చెల్లెలు హెలికోనియా, పగబట్టిన మంత్రి డైఫెన్‌బాకియా. పొద్దున్న కుండీల్లో సర్దిన మొక్కలే మధ్యాహ్నానికి మా మీద యుద్ధానికి వచ్చేవి. మేం పోట్లాడినంతసేపు నవ్వేవాళ్ళం.

నా వంతు వచ్చినప్పుడు నేను ఆలోచించలేదు. మా అన్నయ్య పేరు చెప్పాను.

మా అన్నయ్యను నేను చూడలేదు. అప్పట్లో మావాళ్ళు పెద్దాపురం దగ్గర పల్లెలో ఉండేవారు. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో నాన్న ఆ పేరు రాశాడట. మంచి పేరు. పొడవైనది, పిలిస్తే నోరు నిండుగా ఉండేది. వాడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. తర్వాత పుట్టినవాడు బారసాల దాకా కూడా ఆగలేదు. మూడోవాణ్ణి నేను. పిల్లలు దక్కని ఇంట్లో అప్పట్లో ఏం చేసేవారో నాకూ అదే చేశారు. నన్ను చేటలో వేసి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటావిడ అటుగా వచ్చినట్టు వచ్చి, ఎవరో పారేసుకున్న బిడ్డని ఎత్తుకుంది. అమ్మ ఆవిడకు చేటెడు తవుడు పోసి నన్ను కొనుక్కుంది. ఆ పూటే ఈ పేరు పెట్టారు. చావు వచ్చి గుమ్మంలో నిలబడి అడిగినా, చెత్తలో దొరికినవాణ్ణి తీసుకెళ్ళి ఏం చేసుకుంటుందని వాళ్ళ ధైర్యం. పక్కింటావిడ బతికున్నన్నాళ్ళూ నన్ను చూసినప్పుడల్లా, "నువ్వు నా సొత్తురా, మీ అమ్మ తవుడు తక్కువ కొలిచింది," అని ఏడిపించేది.

ఇదంతా మేనత్త చెబితే తెలిసింది. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో అన్నయ్య పేరు పలకరు. మా వీధిలో పాలు పోసే మనిషిదీ అదే పేరు. ఇన్నేళ్ళుగా అమ్మ అతన్ని "ఇదిగో అబ్బాయ్" అనే పిలుస్తుంది. ఒక్కటి మాత్రం చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. నన్ను పిలిచే ముందు అమ్మ కొంచెం ఆగుతుంది. నోటి దాకా ఇంకేదో వచ్చి, దాన్ని మింగి, అప్పుడు నా పేరు పలుకుతుంది. రెప్పపాటు కూడా ఉండదు. కానీ ఆ ఖాళీలోంచి ఎవడో నాకంటే ముందు లేచి అమ్మ దగ్గరకు వెళ్ళినట్టు అనిపించేది. నేను వెళ్ళేసరికి అక్కడ అమ్మ ఒక్కతే ఉండేది. నాకు భయం వేసేది. పెద్దయ్యాక భయం పోయింది గానీ, వాడు పోలేదు.

అందుకే ఆ పేరు పెట్టాను. ఇంట్లో ఎవరూ వాడని మంచి పేరు ఒకటి ఊరికే పడి ఉంది. ఆటలోనైనా వాడు పెరిగి, కత్తి పట్టుకుని నాలుగు ఊళ్ళు తిరిగితే చూడాలనిపించింది. నర్సరీలో తొట్లలో అలంకారానికి పెట్టే చిన్న చిన్న మట్టి బొమ్మలు అమ్ముతారు. మా మనుషులుగా నిలబెట్టుకోమని ఆయన తలా ఒకటి తెచ్చి ఇచ్చాడు. వాడి బొమ్మకు ఒక చెయ్యి కాస్త విరిగింది.

మొదటి కథలో వాడు ఏరు దాటుతూ మునిగిపోయాడు. రెండో కథలోనూ వాడికి అదే పేరు పెట్టాను. కోటగోడ ఎక్కుతూ పడి చచ్చిపోయాడు. రెండుసార్లూ చిన్న అంకెలే. డైస్‌కి జ్ఞాపకం ఉండదని, కిందటిసారి ఏం పడిందో దానికి తెలియదని క్లాసులో ఏటా చెబుతాను. చెబుతున్నప్పుడు నమ్ముతాను కూడా. ఆదివారాలు మాత్రం నమ్మకం కుదిరేది కాదు. "ఆ పేరు మార్చండి మాస్టారూ, అచ్చిరావట్లేదు," అన్నారు బ్యాంకు ఆవిడ నవ్వుతూ. నాకు ఒళ్ళు మండింది. మూడో కథలోనూ అదే పెట్టాను.

ఆ మధ్యాహ్నం అమ్మ పునుగులు వేస్తోంది. కథలో మేం డైఫెన్‌బాకియా సేన చేతికి చిక్కాం. మావాడికి బాణం తగిలింది. నర్సరీ ఆయన కథ చెప్పేటప్పుడు ఒళ్ళు మరిచిపోతాడు. అన్నయ్య పేరు మొదటిసారిగా వంటింటి దాకా వినిపించేంత గట్టిగా పలికి, "పడిపోయాడండి! ఊపిరి అందట్లేదు. మాస్టారూ, ఇంకొక్కసారి వెయ్యండి. పది దాటితే బతుకుతాడు, లేకపోతే అయిపోయినట్టే," అన్నాడు.

నేను డైస్ చేతిలోకి తీసుకున్నాను. వంటింట్లో నూనె చప్పుడు ఆగిపోయింది.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో జల్లిగరిటె అలాగే ఉంది, నూనె నేల మీద కారుతోంది. "ఎవరు పడిపోయారు బాబూ?" అంది.

ఆయనకు మా ఇంటి సంగతి తెలియదు. మళ్ళీ ఆ పేరే చెప్పి, "మాస్టారి మనిషండి పిన్నిగారూ, ఆటలో," అన్నాడు.

అమ్మ నా వైపు చూడలేదు. చాప మీదున్న బొమ్మ వైపు చూసింది. "ఎంత వయసు?"

"ఇరవై రెండేళ్ళండి."

"అంతవాడయ్యాడా," అంది అమ్మ.

ఆట ఆపేద్దాం అనబోయాను. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఆ పేరు మీద వెయ్యకు. అది వాణ్ణి బతకనివ్వదు," అని లోపలికి వెళ్ళి, బియ్యం చెరిగే ప్లాస్టిక్ చేట తెచ్చింది. వంగి, విరిగిన చెయ్యి తగలకుండా బొమ్మను తీసి అందులో పడుకోబెట్టింది. వీధి తలుపు తీసుకుని వెళ్ళి, మున్సిపాలిటీవాళ్ళు ఇచ్చిన ఆకుపచ్చ చెత్తడబ్బా పక్కన ఆ చేట పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

బ్యాంకు ఆవిడా రెప్ గారూ మొహాలు చూసుకున్నారు. నర్సరీ ఆయన మాత్రం ఒక్క నిమిషం కూర్చుని లేచాడు. వాళ్ళ తాతగారిదీ ఇలాంటి పేరేనని నాకు తర్వాత చెప్పాడు. చెప్పులేసుకుని బయటకు వెళ్ళి, ఎటో పోతూ ఆగినట్టు ఆగి, చేట ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, ఎవరో బిడ్డని పారేసుకున్నట్టున్నారండి. నాకు దొరికాడు. మీరేమన్నా పెంచుకుంటారా?"

ఏడు వారాలు మాకు అడవి రాణిగా, మంత్రిగా, దారిదోపిడీ దొంగగా మాట్లాడిన మనిషే. అప్పుడు మాత్రం ఆయన గొంతులో వేషం లేదు.

"కొనుక్కుంటాను," అంది అమ్మ. వంటింట్లో డబ్బాలన్నీ తీసి చూసింది. రాజమండ్రిలో అపార్టుమెంటు వంటింట్లో తవుడు ఎక్కణ్ణుంచి వస్తుంది? చివరికి గిన్నెతో ఏదో పట్టుకుని వచ్చింది. "తవుడు లేదు బాబూ. తవుడు నూనే ఉంది. చెల్లుతుందా?"

"చెల్లుతుందండి," అన్నాడు ఆయన. గిన్నె రెండు చేతులతో అందుకున్నాడు.

ఎవరికీ నవ్వు రాలేదు.

అమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని చాప మీద కూర్చుంది. "పేరు పెట్టాలి కదండీ పిన్నిగారూ," అన్నాడు ఆయన మెల్లగా.

"కొత్తదెందుకు? ఒకసారి పనిచేసింది ఉందిగా," అని నా పేరు చెప్పింది. నాకు పెట్టిన పేరే, నా కళ్ళెదురుగా, వాడికి పెట్టింది. తర్వాత నాతో, "ఇప్పుడు వెయ్యి," అంది.

నేను వేశాను. డైస్ చాప మీద దొర్లి చేటకు తగిలి ఆగింది. అమ్మ అంకె చూడలేదు, నర్సరీ ఆయన మొహమే చూస్తోంది.

"బతికాడండి," అన్నాడు ఆయన.

అమ్మ తల ఊపింది. చీరచెంగుతో బొమ్మను తుడిచి నా చేతికిచ్చి, స్టవ్ వెలిగించడానికి లోపలికి వెళ్ళింది. ఆ పునుగులు మేమందరం ఒక్కటీ మిగల్చకుండా తిన్నాం.

సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక బొమ్మను ఫ్రిజ్ మీద నిలబెట్టి, చాప చుట్టి, ఆ గదిలోనే కూర్చున్నాను. లైటు వెయ్యలేదు. వాడికి నా పేరు ఉంది, నాకు ఏముందో తెలియడం లేదు. పిచ్చి ఆలోచనే. అయినా లేచి ఇంకో గదిలోకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వంటింట్లో కప్పుల చప్పుడైంది. అమ్మ పిలుస్తుందని తెలుసు. ఎప్పటిలాగే ఆ ఆగడం కోసం చెవులు అప్పగించి ఉన్నాను.

ఈసారి అమ్మ ఆగలేదు.

"కాఫీ చల్లారిపోతోంది, రా," అంది. ఆ మాటకు ముందు పిలిచిన పేరు, పళ్ళెంలో బియ్యం మీద నాన్న రాసిన పేరు.

నేను ఫ్రిజ్ వైపు చూడలేదు. "వస్తున్నానమ్మా," అన్నాను.