పదమూడుగురి ఆటకు పోయినవాడు

మా ఊళ్లో రగ్బీ అంటే పదిహేనుమంది ఆడేది, దమ్మిడీ ముట్టకుండా ఆడేది. ఉత్తరాన ఇంగ్లీషువాళ్ల ఊళ్లలో పదమూడుమందితో ఇంకో రగ్బీ ఉంది. అందులో జీతమిస్తారు. మా బొగ్గుగని మూతపడ్డ ఏడాది తమ్ముడు ఇద్రిస్ ఆ జీతానికి పోయాడు. దొంగనైనా క్షమించే మా వేల్సు లోయ వాణ్ణి క్షమించలేదు. క్లబ్బు గుమ్మం తొక్కనివ్వకూడదని తీర్మానించారు. ఆ క్లబ్బులో టీలు కాచేది నేనే.

మోకాలు పాడై వాడు తిరిగొచ్చాడు. శనివారాలు కంచె బయట నిలబడి ఆట చూసేవాడు. "జీతం దొరగారు వచ్చారురోయ్," అనేవాళ్లు లోపలివాళ్లు. వాడికి కావలసింది ఒక్కటే, మా ఎర్రచొక్కా వేసుకుని ఇంకొక్కసారి ఆడటం. అడగటానికి నోరు రాదు. నాకు ఒళ్లు మండేది. వాడికి అదీ లేదు.

ఏళ్లు గడిచాక ఆట నడిపే పైవాళ్లు, జీతానికి ఆడినవాళ్లమీది నిషేధం ఎత్తేశారు. క్రిస్మస్ మర్నాడు మా క్లబ్బులో పక్క ఊరితో పాతకాపుల ఆట ఉంటుంది. క్లబ్బు పెద్ద మోస్టిన్ ఇంటికొచ్చి ఎర్రచొక్కా బల్లమీద పెట్టాడు.

"వస్తావట్రా? అందరం తలనెరిసిన వెధవలమేలే."

ఇద్రిస్ చొక్కాకేసి చూసి, "సరే," అన్నాడు. అంతే.

ఆటలో బంతి వాడి చేతికొచ్చింది. కాస్త దూరం పరుగెత్తాడో లేదో, పక్క ఊరివాడు పట్టి పడేశాడు. మా ఆటలో పడ్డవాడు బంతి వదిలేసి పక్కకు దొర్లాలి. ఇద్రిస్ లేచి నిలబడ్డాడు. పదమూడుగురి ఆటలోలాగా బంతిని నేలమీద పెట్టి, పాదంతో తీరిగ్గా వెనక్కి నెట్టాడు. వెనక మావాళ్లెవరూ లేరు. అవతలివాళ్లు ఎత్తుకుపోయి పాయింట్లు కొట్టారు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మోస్టిన్ వచ్చి భుజం తట్టాడు.

"పోన్లేరా ఇద్రిస్. మీ ఆటలో అంతేగా."

ప్రేమగానే అన్నాడు. తను "మీ" అన్న సంగతి ఆయనకే తెలియలేదు. నాకు మాత్రం వినబడింది.

ఆట అయ్యాక వాణ్ణి క్లబ్బులోకి పిలిచారు. వెళ్లాడు. ఇచ్చిన బీరు తాగాడు, అందరూ నవ్వినచోట నవ్వాడు. ఇంటికి నడుస్తూ అడిగాను.

"బాధేసిందట్రా?"

"లేదక్కా. అక్కడ కొత్తలో పడగానే బంతి వదిలేసేవాణ్ణి. వాళ్లూ ఇలాగే భుజం తట్టి, ఇదే మాట అనేవాళ్లు."