ఎడమ చెయ్యి

ఎనభైలలో నరసరావుపేటలో జీపులు బాగుచేసే ముసలి మెకానిక్ ఒకాయన ఉండేవాడు. మేమంతా ఆయన్ని తాత అనేవాళ్లం. గేరు రాడ్డుకి పైన పట్టుకునే కొత్త గుండు కావాలంటే, ముందు రంగు గాజు గుండ్లు చూపించేవాడు కాదు. "ఎడమ చెయ్యి ఇయ్యి. గేరేసేది దాంతోనేగా," అనేవాడు. ఎడమ చెయ్యి అడగడమేందని పెద్దమనుషులకు కోపమొచ్చేది.

జీపు నడిపే మా నాన్న గుండు కోసం వెళ్లినప్పుడు చెయ్యి ఇవ్వలేదు. రాళ్ల క్వారీలో రెండు వేళ్లు పోయినప్పటి నుంచి ఆ చేతిని తువ్వాలు కిందే దాచేవాడు. తాత చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. చివరికి నాన్నే తువ్వాలు తీశాడు. తాత ఆ చేతిని మామూలుగా ఒత్తి చూసి, ఒక చెక్క గుండును మిగిలిన వేళ్లకు సరిపోయేలా ఆకురాయితో ఒక పక్క అరగదీశాడు.

"పట్టు అబ్బాయ్. జారుద్దా?"

"జారదు."

ఇంటికొచ్చాక అమ్మ తువ్వాలు ఏదని అడిగింది. తాత కొట్లో మర్చిపోయానన్నాడు నాన్న. తెచ్చుకోవడానికి మళ్లీ వెళ్లలేదు.