ముందు కాలు

ఒక ఇనుప పట్టీ బరువు మోస్తున్నాను. చేత్తో పట్టుకుంటే అదేమంత బరువు కాదు, సంచిలో వేసుకుని సిటీ బస్సు ఎక్కవచ్చు. అయినా ఏళ్లుగా దాన్ని ఎక్కడా దించుకోలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే ఈ మాట మీతో అనగలుగుతున్నాను.

ముందు నా స్వభావం చెప్పాలి. నేను ఫిర్యాదులు చేసే మనిషిని. లిఫ్టు మధ్యలో ఆగితే అపార్టుమెంటు అసోసియేషన్‌కు రాస్తాను. జవాబు రాకపోతే మళ్లీ రాస్తాను. ఒకప్పుడు సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల కొట్టువాడు నన్ను చూసి, కొనేటట్టయితేనే మడతలు విప్పుతానన్నాడు. ఆ కొట్టు మూతపడి చాలాకాలమైంది. ఇప్పటికీ ఆ వీధిలో నేను అవతలి పక్క నుంచే నడుస్తాను. మా తాతలు బందరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డారు. ఈ మొండితనం వాళ్ల దగ్గర నుంచి వచ్చిందో, నేనే సంపాదించుకున్నానో తెలియదు.

మా ఆఫీసు అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు పై అంతస్తులో ఉంది. కంపెనీలు తమ డేటా దాచుకునే యంత్రాలను తీసుకెళ్లి అమర్చడం మా పని. ర్యాక్ అంటే మనిషెత్తు ఇనుప బీరువా లాంటిది. అందులో డిస్కుల పెట్టెలు సొరుగుల్లాగా పట్టాల మీద ముందుకు జారతాయి. డిస్కులన్నీ నింపాక ఒక్క పెట్టెను ఎత్తాలంటే ఇద్దరికీ ఆయాసం వస్తుంది. అందుకే బరువైన వాటిని కింద పెడతాం, ఒక పెట్టె బయట ఉండగా రెండోది లాగం. వీటన్నిటికంటే ముందు, ర్యాక్ అడుగు నుంచి బయటికి చాచుకుని ఉండే ఒక ఇనుప పట్టీని బోల్టులతో బిగించాలి. మా వాళ్లు దాన్ని ముందు కాలు అంటారు. పెట్టెలు బయటికి వచ్చి బరువంతా ముందుకు పడినప్పుడు ర్యాక్ బోర్లా పడకుండా ఆపేది అదే.

ఈ మాట నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఎవరూ వినేవారు కాదు. చాలాచోట్ల కాలు అట్టపెట్టెలోనే ఉండిపోయేది. నేను మా యజమానికి రాసేవాణ్ణి, ఆయన తల ఊపేవాడు. అంతే.

నాతో పనిచేసే యాదగిరి నాకు ‘కంప్లెయింట్ అన్న’ అని పేరు పెట్టాడు. జనగామ వైపు పల్లె అతనిది, కాచిగూడలో గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. ర్యాక్ వెనుక చిక్కుబడ్డ కేబుళ్లన్నిటినీ జడ అల్లినంత నునుపుగా కట్టేవాడు. అతను కట్టిన తరువాత ర్యాక్ వెనుక తలుపు మూయబుద్ధయ్యేది కాదు. నాకు అతనంటే ఇష్టం. బహుశా అందుకే అతను పెట్టిన పేరు అంతగా గుచ్చుకుంది.

ఆ రోజు నాంపల్లిలో ఒక కంపెనీకి వెళ్లాం. ఊళ్లోని ల్యాబుల్లో తీసే స్కాన్ బొమ్మలను భద్రపరచడం వాళ్ల వ్యాపారం. ర్యాక్ నిలబెట్టి, కాలు బిగించి, రెండు పెట్టెలు ఎక్కించాం. అప్పుడు ఆ కంపెనీ ఓనరు పూజారిని వెంటబెట్టుకుని వచ్చాడు. అందులో వింతేమీ లేదు. మేం అమర్చిన యంత్రాల్లో చాలావాటికి కుంకుమ బొట్లు ఉంటాయి. కానీ ర్యాక్ అడుగున ఉన్న చక్రాలు ఓనరు కంట పడ్డాయి.

“గీనికి చక్రాలున్నయ్ గదా. నిమ్మకాయలు తొక్కియ్యాలె,” అన్నాడు, కొత్త బండి కొన్నట్టే.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ర్యాక్‌ను ముందుకు నెట్టాలి. నెట్టాలంటే అడ్డంగా ఉన్న ముందు కాలు విప్పాలి. నేను కుదరదన్నాను. లోపల పెట్టెలు ఉండగా కాలు విప్పకూడదన్నాను. ఒకసారి కాదు, రెండుమూడు సార్లు అన్నాను.

“షురూ జేసిండు మా కంప్లెయింట్ అన్న,” అన్నాడు యాదగిరి. “సార్, మా అన్న దేవుని మీద గూడ అర్జీ వెడ్తడు. జర దూరం నిలవడమనున్రి, నిమ్మకాయలు భయపడ్తున్నయ్.”

అందరూ నవ్వారు. పూజారి మంత్రం మధ్యలో ఆపి మరీ నవ్వాడు.

నేను కింద కూర్చుని కాలు విప్పాను. పట్టీనీ బోల్టులనూ నా సంచిలో వేసుకున్నాను. ర్యాక్‌ను మెల్లగా ముందుకు నెట్టారు, నిమ్మకాయలు చితికాయి, గదంతా ఆ వాసన నిండింది. హారతి ఇచ్చారు. ర్యాక్‌ను మళ్లీ దాని చోటికి నెట్టారు.

అప్పుడు నేను వంగి కాలు బిగించాలి. బిగించలేదు. ఎవరో ఒకరు అడగనీ అనుకున్నాను. ఏం అన్నా, కాలు సంగతేంది అని ఒక్కరైనా అడగనీ. ఎవరూ అడగలేదు. ఓనరుకు ఫోటో కావాలి, అందులో పెట్టెల మీది బొట్లతో పాటు లోపలి డిస్కులూ కనబడాలి. రెండు పెట్టెలూ బయటికి లాగమన్నాడు. యాదగిరి ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ తరువాత అతను అన్న మాట ఇది:

“ఏం ఫికర్ లేదు సార్. మా అన్న ఉన్నడంటే కాలు బిగించే ఉంటది. ఆయన గా సంగతి మరువడు.”

ఆ మాటలో ఎగతాళి లేదు. నేను ఎంత వెతికినా దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. నన్ను వెక్కిరించిన నోటితోనే నన్ను నమ్మాడు. వంగి చూసుకోలేదు. నేను నోరు తెరవడానికి సమయం లేకపోలేదు. ‘ఆగు’ అంటే చాలు. ఎందుకు అనలేదు?

చాలాకాలం దానికి కోపం అని పేరు పెట్టుకున్నాను. కోపమైతే మనుషులకు అర్థమవుతుంది. కానీ ఒక సంగతి ఆ జవాబును ఒప్పుకోనివ్వదు. అందరూ ఫోటో కోసం ర్యాక్ ముందు చేరితే, నేను పక్కకు జరిగాను. వెనుక చక్రాలు కనబడే చోట నిలబడ్డాను. కోపంలో ఉన్నవాడు ముఖం తిప్పుకుంటాడు. నేను చక్రాలవైపు చూస్తున్నాను. ఇన్నేళ్లుగా పడుతుంది, పడుతుంది అని రాస్తున్నానే, అది నిజంగా పడుతుందా? పడితే ముందు ఏది కదులుతుంది? నాకు తెలుసుకోవాలనిపించింది. మీకు చెప్పాలనుకున్నది ఇదే. నేను తెలుసుకోవాలనుకున్నాను.

మొదటి పెట్టె బయటికి వచ్చి టక్కున నిలిచింది. రెండోది సగం రాగానే వెనుక చక్రాలు నేల విడిచాయి. ఎంత మెల్లగా విడిచాయో. నేను చెప్పింది నిజమేనని ఒక ఆలోచన వచ్చింది. అది ముందు వచ్చింది, భయం తరువాత వచ్చింది.

ఎదురుగా ఉన్న ఇనుప బల్ల ర్యాక్‌ను ఆపింది, లేకపోతే యాదగిరి బతికేవాడు కాదు. మిగతావాళ్లు పక్కకు దూకారు, ర్యాక్‌కూ బల్ల అంచుకూ మధ్య అతని కుడిచెయ్యి ఇరుక్కుంది. అందరూ కలిసి ర్యాక్‌ను ఎత్తారు, నేనూ ఒక పక్క పట్టుకున్నాను. అతణ్ణి ఆటో ఎక్కించడానికి అందరూ తలుపు వైపు పరుగెత్తారు. ఆ గందరగోళంలో నేను నా సంచిలోంచి పట్టీనీ బోల్టులనూ తీసి ర్యాక్ పక్కన నేల మీద పెట్టాను.

మరునాడు మా యజమాని అడిగాడు, పూజ అయినంక కాలు మళ్ల బిగించినవా అని. బిగించానన్నాను. మరి బోల్టులు నేల మీద ఎట్లా ఉన్నాయన్నాడు. ఎవరు విప్పారో నేను చూడలేదన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. అనాల్సిన పని లేకపోయింది. ర్యాక్ ముందు పనిచేసింది యాదగిరి ఒక్కడే. అంతకు ముందు వేరే ఆఫీసులో తలుపు తగులుతోందని అతను కాలు విప్పిన సంగతి అందరికీ తెలుసు. దవాఖానలో అతణ్ణి అడిగితే, ఏమో సార్, గీడ గూడ నేనే విప్పిన కావచ్చు, యాదికి లేదు అన్నాడట. నేను చెప్పిన అబద్ధాన్ని అతను తన జ్ఞాపకంగా చేసుకున్నాడు.

చూపుడు వేలూ మధ్య వేలూ వంగకుండా పోయాయి. ఆ చేత్తో కేబుళ్లు కట్టడం కుదరదు. జాగ్రత్త లేని మనిషన్న పేరు వచ్చింది, మా ఆఫీసులోనే కాదు, ఈ పనిచేసే వేరే చోట్ల కూడా. ఎవరూ పనిలోకి తీసుకోలేదు. నాకు మాత్రం పరువు పెరిగింది. నువ్వు ముందు నుంచి చెప్తనే ఉన్నవ్ అన్నాడు మా యజమాని. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు జాగ్రత్తలు నేర్పేది నేనే. ముందు కాలు గురించి చెప్పేటప్పుడు గదిలో ఎవరూ నవ్వరు. ఇన్నేళ్ల నా ఫిర్యాదుల్లో పూర్తిగా గెలిచింది ఇదొక్కటే.

యాదగిరి ఇప్పుడు అబిడ్స్‌లోనే ఫోన్ల కవర్లు అమ్మే చిన్న దుకాణంలో కూర్చుంటాడు. దుకాణం వాళ్ల బావమరిదిది. నేను అవతలి పక్క నుంచి నడవవచ్చు, అది నాకు బాగా వచ్చిన విద్య. కానీ ఆ దుకాణం ముందు నుంచే వెళ్తాను. అతను స్టూలు జరిపి చాయ్ తెప్పిస్తాడు. ఒకసారి, తల వంచుకుని ఫోనుకు గ్లాసు అంటిస్తూ, “అన్నా, ఆ రోజు పదిమందిల నిన్ను గట్ల అనకుండా ఉండాల్సింది. మనసుల వెట్టుకోకు,” అన్నాడు. నా జన్మలో ఒక అవమానానికి క్షమాపణ చెప్పినవాడు అతనొక్కడే.

మొన్న కూడా వెళ్లాను. లేచి వస్తుంటే, ఎప్పటిలాగే నవ్వుతూ అడిగాడు.

“ఇయ్యాల ఏ ఆఫీసు అన్నా? ముందు కాలు బిగించినవా?”

అతనికి అది మా ఇద్దరి మధ్య వేళాకోళం. బిగించానని ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పి, దుకాణం మెట్లు దిగి వచ్చేశాను. ఆ జవాబు అతని ముందు మార్చగలనో లేదో నాకు తెలియదు. మార్చితే ఏమవుతుందో తెలుసుకోవాలని ఉంది. కానీ అలా తెలుసుకోవాలని ఉండడం అంటేనే నాకిప్పుడు భయం. ఇక్కడ, మీ ముందు, మొదటిసారి మార్చి రాస్తున్నాను.

బిగించలేదు యాదగిరీ. అది నా సంచిలోనే ఉంది.