కోపం కింద మాట నేర్పిన టీచరమ్మ

మనవరాలు పలక మీద బలపం గీస్తే ఆ కీచు చప్పుడుకి ఒళ్ళు జలదరిస్తుంది. వెంటనే మరియమ్మ టీచరు గారు కళ్ళ ముందుకొస్తారు. సాయంత్రాలు చర్చి వరండాలో మాలాంటి సేద్యగాళ్ళకు అక్షరాలు నేర్పేవారు. నలభై దాటిన నా చేత ‘అ’ దిద్దించింది ఆవిడే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా మిరపతోటకి ఆకుముడత తెగులు వచ్చింది. మందు డ్రమ్ములో పోయబోతుంటే, ఐదో తరగతి చదివిన నా భార్య సుబ్బులు డబ్బా మీద పేరు చదివి కూలీలందరి ముందూ అరిచింది: “ఆగయ్యా! అది గడ్డిమందు. తోటంతా మాడిపోద్ది!” కూలీలు పగలబడి నవ్వారు. పంటను కాపాడిన మనిషికి దణ్ణం పెట్టాల్సింది పోయి చెయ్యెత్తాను. పక్కవాళ్ళు పట్టుకోకపోతే కొట్టేవాణ్ణే. ఆ మధ్యాహ్నమే ఆమె పొన్నూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది.

మర్నాడు టీచరు గారి దగ్గరికెళ్ళి, “చదువు చెప్పండమ్మా, దాని నోరు మూయించాలి” అన్నాను.

“నోరు మూయడానికి గుడ్డ చాలుగా కోటయ్యా, అక్షరాలెందుకు?” అని నవ్వి, పలక చేతికిచ్చారు.

రెండు నెలలైనా సుబ్బులు రాలేదు, నేను పిలవలేదు. ఒకనాడు ఎవరి సాయమూ లేకుండా ‘కోపం’ అని రాశాను. నా మొదటి మాట! ఎగిరి గంతేశాను.

“బాగుంది. దాని కింద ఏముందో అదీ రాయి.”

“కింద ఏముంటదమ్మా, పలక చెక్క!”

“డబ్బా చదవలేక నిలబడ్డప్పుడు నీ కడుపులో ఏమైంది?”

పలక ఒళ్ళో బోర్లించాను. “సిగ్గేసింది.”

“ఆ ముక్క సుబ్బులుకి చెప్పావా?”

“మగాణ్ణి, ఎట్టా చెప్తానమ్మా?”

“మగాడివని నీకు కోపమొక్కటే నేర్పారయ్యా. మిగతావన్నీ నేను నేర్పాలి!”

‘కోపం’ కింద ‘సిగ్గు’ అనీ రాసేశాను. తెల్లారగానే పలక చంకలో పెట్టుకుని ఉత్సాహంగా పొన్నూరు బస్సెక్కాను. ఆ తోపులాటకీ చెమటకీ అక్షరాలన్నీ చెరిగిపోయాయి.

“ఏందయ్యా, ఉత్త పలకతో వచ్చావ్?” అంది సుబ్బులు గుమ్మంలోనే.

ఇక నోటితో చెప్పక తప్పలేదు. “ఆ రోజు చదవలేక సిగ్గేసింది సుబ్బులూ. అందుకే నీ మీద చెయ్యెత్తా. తప్పు నాదే.”

ఆమె నా చేతిలో పలక అందుకుంది. “ఇంకోసారి చెయ్యెత్తావా, మళ్ళీ రాను. తప్పు మందు తెస్తే మాత్రం ఊరంతా వినేట్టు అరుస్తా.”

“అరుచుకో” అన్నాను. అప్పుడు నవ్వింది.

టీచరు గారు ఇప్పుడు లేరు. నేనూ సుబ్బులూ రోజు మార్చి రోజు పోట్లాడుకుంటూనే ఉన్నాం. కోపం ముంచుకొస్తే, “ఆగవే, కింది మాట ఇంకా దొరకలేదు” అంటాను. “తొందరగా వెతుక్కో” అని చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఒకసారి భయం దొరుకుతుంది, ఒకసారి అసూయ. మొన్నైతే ఉత్త ఆకలి!