సబ్బునీళ్లతో ఎక్కించిన టైర్లు

నకిరేకల్ రోడ్డు పక్కన ఇరవై ఏళ్లు నేను ఎక్కించిన టైరు ఒక్కటీ రిమ్ము వదల్లేదు. లారీదైనా సరే, దుబాయి నుంచి వచ్చిన రిమోటు బొమ్మ లారీదైనా సరే.

ఆ రిమోటు లారీ తెచ్చినవాడు నా బామ్మర్ది. తొంభైల్లో దుబాయి నుంచి తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే వాడి కన్ను నా టైర్ల దుకాణం మీద పడింది. జాగా మా మామది. అందులో సగం ఇస్తే స్పేరు పార్టులు అమ్ముకుంటానని రోజూ వచ్చి గొడవ. నాకు వాడి అత్తరు వాసన తగిలితేనే ఒళ్లు మండేది.

ఒకరోజు చాయ్ తాగే డ్రైవర్ల ముందు ఆ మూరెడు బొమ్మ బండి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రిమ్ములు, టైర్లు విడివిడిగా ఉన్నాయి. టైర్లు రెండు రకాలు: చిన్నవి నాలుగు, గుబ్బలున్న పెద్దవి నాలుగు.

"ఎక్కియ్యి బావా, సూద్దాం నీ పనితనం."

"ఎక్కిస్త. గా కంకర కుప్ప మీదికి తోలిస్త. టైరు ఊడితే జాగల సగం తీస్కో. ఊడకుంటే మళ్ల జాగా మాట ఎత్తొద్దు."

గుబ్బలవి తీసుకున్నాను.

"చిన్నయి పెట్టు బావా, గా పెద్దయి బాడీకి రాస్కుంటయి."

"దుబాయిల బండ్లు కడిగినోనివి, నాకు టైర్లు నేర్పుతవారా?"

లారీ టైరుకు చేసినట్టే అంచుకు సబ్బునీళ్లు రుద్ది రిమ్ము మీదికి జార్చాను. ఆ బొమ్మ టైర్లలో గాలి ఉండదు, ట్యూబు ఉండదు. రిమ్ముకు పట్టి ఉంచేది జిగురు ఒక్కటే. సబ్బు మీద జిగురు నిలవదు. ఆ ముక్క వాడు నాకు చెప్పలేదు, దొంగ! వాడిచ్చిన జిగురు చుక్కలు వేసి, దొరలాగా బండిని కింద పెట్టాను.

వాడు రిమోటు నొక్కితే బండి కుప్ప సగం ఎక్కింది. అక్కడ రిమ్ములు తిరుగుతున్నాయి, టైర్లు తిరగడం లేదు. వెనక టైరు ఒకటి ఊడి దొర్లుకుంటూ వచ్చి డ్రైవర్ల చెప్పుల మధ్య పడింది. వాళ్లు నవ్విన నవ్వు ఇంకా చెవిలో ఉంది.

ఇరవై ఏళ్లలో ఒక్కటీ వదల్లేదన్నది కొంచెం సాగదీశాను. లారీ టైర్లూ రెండు మూడు వదిలాయి. కానీ సగం జాగా మాత్రం వాడి మోసంతోనే పోయింది. ఇంతవరకు రాసి మా ఇంటావిడకు చదివి వినిపించాను.

"మా తమ్ముడు దొంగనా? సబ్బు పెట్టకు బావా, జిగురు పట్టదని మూడుసార్లు మొత్తుకున్నడు. నేను ఆడనే ఉన్న. నోరు మూస్కోరా అన్నది నువ్వు. గది రాయి."